పొగలో చూసిన ముఖం

కొడకండ్ల,
1950 ఫిబ్రవరి 6

చెల్లె చిలుకకు,

పెద్దులన్న రాస్తున్నది. నేను, మీ వదినె రాములమ్మ, రెండెడ్లు, అందరం తింటున్నాము, తిరుగుతున్నాము. అంతకు మించి చెప్పేది లేదు.

ఇల్లు మళ్ళీ కప్పాము. రెండేళ్ళ కింద రజాకార్ల కాలంలో మన వాడ కాలిన తర్వాత మొండి గోడల మీద తాటాకు పరుచుకొని ఉన్నాము కదా. ఇప్పుడు గూన పెంకుల కప్పు వేయించాను. పాత గోడలన్నీ తీసేశాను. వెనకగోడ మాత్రం తీయనివ్వలేదు. కూలికి వచ్చినవాళ్ళు నవ్వారు. "గీ మసి గోడ ఎందుకు పెద్దులన్నా, పీకి పారేయరాదు?" అన్నారు. వాళ్ళకేం తెలుసు. నీకు చెప్పనక్కరలేదు. మనల్ని కన్న అవ్వ పొద్దుగూకే వేళ ఆనుకొని కూర్చునేది ఆ గోడకే. ఆమె వీపు తగిలి నున్నబడిన చోటు అట్లాగే ఉంది. చెయ్యి పెడితే తెలుస్తుంది.

నీకు గుర్తుందా, దొరగడిలో పని ముగించి వచ్చి, కాళ్ళు కడుక్కొని, మనిద్దరినీ చెరొక పక్క కూర్చోబెట్టుకునేది. మాట్లాడనిచ్చేది కాదు. నువ్వు కదిలేదానివి. నీకు చీమలు కుట్టేవి. నాకు మాత్రం అదే ఇష్టమైన పని. మాట్లాడే పని లేదు కదా.

నీ కార్డు అందింది. ఈసారి అక్షరాలు ముత్యాల్లాగా ఉన్నాయి. ఎవరు రాశారు? గొప్ప ఇంటి మనిషై ఉంటాడు. మా దండాలు చెప్పు.

మీ అన్న
పెద్దులు


కాటారం,
1950 మార్చి 3

పెద్దులన్నకు,

నీ చెల్లె చిలుకమ్మ చెప్పంగ రాసేది. నేను ఎట్ల మాట్లాడితె అట్లనే రాయమన్న. ఈయన సక్కజేసి రాస్తనంటె, "వద్దు, మా అన్న గుర్తుపట్టడు" అన్న.

రాసేది ఎవరని అడిగినవు. ఇప్పుడే చెప్తె సోకు పోతది. నువ్వు వచ్చిననాడు చూద్దువు. దండాలు ముట్టినయ్. నీ కార్డు చదువుకుంట గోడ ముచ్చట కాడ కొద్దిసేపు ఆగిండు. మంచాయన.

ఇక్కడ ఇప్పపూలు మొదలైనయ్. అడవిల ఎర్రజెండా సంఘపోళ్ళు, బాట మీద మిలట్రీ. నడుమ మేము పూలు ఏరుకుంటున్నం. అటెళ్ళి వచ్చినోళ్ళు ఇటు చూసినవా అంటరు, ఇటెళ్ళి వచ్చినోళ్ళు అటు చూసినవా అంటరు. నేను చెవిటిదాన్ని అయిన.

నీకు ఒక కొత్త ముచ్చట. మా ఆయన పోయినంక బండి కొట్టం ఉత్తగనే ఉండె గద. దాంట్ల ఒకాయన దిగిండు. బండెడ్లకు నాడాలు కొడ్తడు. సిద్ది. పేరు మబ్రూక్. తాతల నాడు సముద్రం అవతలెళ్ళి వచ్చినోళ్ళు, ఈయన పుట్టింది పెరిగింది మాత్రం పాలమూరు దిక్కు. నల్లగ, ఎత్తుగ, ద్వారబంధం తలకు తాకుతది. నిజాం కాడ గుర్రాల కొలువుల ఉండెనట. పోలీసు చర్య అయినంక కొలువు పాయె.

పని చూస్తె ముచ్చటైతది. వేరేటోళ్ళు నాడా కొట్టాలంటె ఎద్దును తాళ్ళేసి దబ్బున పడగొడ్తరు గద. ఈయన పడగొట్టడు. మెడ మీద చెయ్యేసి నిలబడ్తడు. ఎద్దు ఎట్ల ఊపిరి తీస్తె అట్ల తీస్తడు. జర సేపటికి ఈయన నిమ్మలంగ తీస్తె అదీ నిమ్మలంగ తీస్తది. అప్పుడు కాలు ఎత్తితె ఇస్తది. నాకు అవ్వే యాదికొచ్చింది. "ఊపిరి ఎటు పోతున్నదో చూడుర్రి" అంటుండె గద.

వదినెకు ఇప్పపూల కుడుములు పంపుదామంటె దూరమాయె.

నీ చెల్లె
చిలుక


కొడకండ్ల,
1950 మార్చి 24

చిలుకకు,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం దిగలేదు.

నువ్వు కాటారంలో ఉన్నావు. వాడ కాలిననాడు ఇక్కడ లేవు. నేను ఉన్నాను. గుర్రాల మీద వచ్చారు. ముందున్నవాడు నల్లవాడు. చేతిలో కొరివి. మన కప్పు మీదికి విసిరింది వాడే. ఇంతవరకు నీకు ఈ మాట రాయలేదు. రాస్తే మళ్ళీ కళ్ళముందుకు వస్తుందని రాయలేదు. నిజాం గుర్రాల కొలువు, నల్లటి మనిషి, ఎత్తయిన మనిషి. ఇంకేం కావాలి? అటువంటివాడిని తెచ్చి బావ బండికొట్టంలో పెట్టుకున్నావు. ఎద్దును మాయ చేసినవాడు నిన్ను చేయడా?

వెంటనే వెళ్ళగొట్టు.

ఉత్తరం రాసే అయ్యగారికి పెద్దులు దండం పెట్టి మనవి చేసేది. అయ్యా, మా చెల్లె చిన్ననాటి నుంచి మొండిది. నా మాట వినదు. మీరు చదువుకున్నవారు. ఆ నల్లవాడి సంగతి మీరైనా గట్టిగా చెప్పండి. నేను నలుగురిలో నోరు విప్పలేని మనిషిని, కాగితం మీద కూడా ఇంత పొడుగు ఎన్నడూ రాయలేదు. వరంగల్ సంతకు పోయే వాళ్ళతో మీకు రెండు బెల్లం ముద్దలు పంపుతున్నాను. పేదవాడి బెల్లం, కాదనవద్దు.

పెద్దులు


కాటారం,
1950 ఏప్రిల్ 15

అన్నా,

బెల్లం ముట్టింది. రాసేటాయన తిన్నడు. తియ్యగున్నదన్నడు. నీ మనవి గూడ నాకు గట్టిగ చెప్పిండు. నువ్వు ఎంత గట్టిగ రాసినవో అంత గట్టిగ చదివిండు.

నేను మాత్రం వినలే.

నీ నోట్ల ఇంత పెద్ద మాట నేనెన్నడు వినలేదన్నా. కోడిపిల్లను అదిలించనోనివి. నీ ఉత్తరం అరుగు మీద చదివించుకుంటి, అది నా తప్పు. పక్కింటి ఎల్లక్క చెవులు ఇటే ఉన్నయ్. బాయి కాడికి పోయి చెప్పింది. అదే వారంల పటేలు గడ్డివాము కాలింది. ఎండాకాలం, ఎవని బీడీనో ఏమో. "నల్లోడు వచ్చినంకనే కాలింది" అన్నరు. పటేలు నన్ను చావడికి పిలిపిచ్చి, "మీ అన్న ఊరు కాల్చినోడు వీడేనంట గద? అన్నతోని రాయించి తెప్పియ్యి. అవునంటె మిలట్రీ క్యాంపుల అప్పజెప్త" అన్నడు. క్యాంపులకు పోయినోళ్ళు ఎట్ల తిరిగొస్తున్నరో నీకు తెల్వదా? మొన్న పోయినాయన నడవరాక మంచం మీద వచ్చిండు.

నువ్వు రాసే ముందు ఒక ముచ్చట విను. నేను మబ్రూక్‌ను అడిగిన, మీవోళ్ళు ఈ దేశం ఎట్ల వచ్చిండ్రని. చెప్పిండు. వాళ్ళ తాతకు నాయిన పిల్లగాడుగున్నప్పుడు పట్టుకొచ్చిండ్రట. ఓడల కింది అంతస్తుల గొలుసులేసి పండవెట్టిండ్రట. పోయినోళ్ళను నీళ్ళల్ల ఏసిండ్రట. ఉన్నోళ్ళను రేవుల నిలబెట్టి, పండ్లు చూసి అమ్మిండ్రు. మనం ఎడ్లకు చూడమా, అట్ల. పేరు గూడ కొన్నోడే పెట్టిండు. అసలు పేరేందో ఇంట్ల ఎవరికి తెల్వది. వాళ్ళ నానమ్మ ఒక పాట పాడేదట. ఈయనకు వస్తది, పాడి వినిపిచ్చిండు. దాని మాటలకు అర్థం ఏందంటె, ఎవరికి తెల్వదన్నడు. పొద్దుగూకె దిక్కు చూసుకుంట పాడేదట. సముద్రం అటే గదా అని.

నాకు దుఃఖం ఆగలే. ఎందుకో చెప్పు. మన అవ్వ పొద్దుపొడుపు దిక్కు మొఖం పెట్టి ఎందుకు కూర్చునేది? అటు దిక్కు నెల్లికుదురు దొర బిడ్డ పెండ్లయితె, కట్నంల ఆవులతోని, బిందెలతోని కలిపి ఆమెను ఆడబాపగ, దాసిదానిగ మన ఊరి గడికి పంపిండ్రు గద. ఏడెనిమిదేండ్ల పోరి. ఆమె తల్లి ఎవరో, ఏ ఊరో ఆమెకు యాదికి లేకుండె. చిలుకమ్మ అని నాకు పెట్టిన పేరు గూడ దొరసానిదే. ఆమెకు పంజరంల చిలుక ఉండెనట.

మన అవ్వకు ఓడ లేదు. గంతే తేడా.

ఇగ నీ ఇష్టం.

చిలుక


కొడకండ్ల,
1950 మే 2

చిలుకకు,

అవ్వ సంగతి ఇందులోకి ఎత్తకు. అవ్వను ఆ దండుతో కలపకు. ఆడబాప కొడుకని నన్ను పిలిచినవాళ్ళ ముందు నేను తలెత్తలేక బతికాను. ఇప్పుడు నువ్వే కాగితం మీద రాయిస్తున్నావు. అది ఎవరెవరు చదువుతారో.

కింద రాసింది పటేలుగారికి చూపించు.

పటేలుగారికి కొడకండ్ల పెద్దులు రాసి ఇచ్చేది. మా వాడ కాలిననాడు కొరివి విసిరింది ఆ నల్లవాడే. నేను కళ్ళారా చూశాను.

పెద్దులు


కాటారం,
1950 మే 20

అన్నా,

కోపం తగ్గినంక రాయిద్దామని ఇన్ని దినాలు ఆగిన. కోపం తగ్గలే. అయినా రాయిస్తున్న.

నీ కార్డు చావడి కాడ చదివిండ్రు. ఊరంత వచ్చిండ్రు. పటేలుకు ఉర్దూ వస్తది గని తెలుగు అక్షరం రాదు. పట్వారి ఊర్ల లేడు. "ఎవరు చదువుతరు?" అన్నడు. మబ్రూక్ లేచి, "నేను చదువుత" అన్నడు.

అవునన్నా. మబ్రూకే. నీకు ముత్యాలు రాసింది ఆయనే. నీ దండాలు తీసుకున్నది ఆయనే. బెల్లం తిన్నది ఆయనే. పాలమూరు దిక్కు వీధి బడిల చదువుకున్నడు. నీ ఉత్తరాలన్ని నాకు చదివింది ఆయనే. నల్లోన్ని వెళ్ళగొట్టమని నువ్వు రాసింది, నాకు చదివి వినిపిచ్చింది ఆ నోరే. అప్పుడే నీకు రాయిద్దామంటె, "వద్దక్కా, పెద్దమనిషి సిగ్గుపడ్తడు" అన్నడు.

చావడి కాడ జనం నవ్విండ్రు. "దొంగనే పంచాది చెప్పమన్నట్టున్నది" అని ఒకడు. మబ్రూక్ కార్డు తీసుకొని రాసింది రాసినట్టు చదివిండు. "కొరివి విసిరింది ఆ నల్లవాడే. నేను కళ్ళారా చూశాను." కింద నీ పేరు గూడ చదివిండు. మడిచి పటేలు చేతికిచ్చిండు. 

ఎల్లక్క ఉండబట్టలేక, "ఓ అయ్యా, మార్చి చదివితె మాకెట్ల తెలుస్తుండె?" అన్నది.

"పెద్దులన్నకు తెలుస్తుండె" అన్నడు.

పటేలుకు గూడ మనసొప్పలే. కొంచెం సేపు కార్డు తిప్పి తిప్పి చూసి, "కాగితం ముచ్చట కాదు. మనిషి వచ్చి, వీని మొఖం చూసి చెప్పాలె. తొలకరి వానల మిరుగం కార్తె దాక చూస్త. రాకపోతె ఈ కార్డే సాక్ష్యం" అన్నడు. అప్పటిదాక మబ్రూక్ ఊరు దాటొద్దు.

పారిపొమ్మని నేనే చెప్పిన, అడవి బాట చూపిస్తనన్న. "పోతె మీ అన్న మాటే నిజమైతది గదక్కా" అన్నడు.

చిలుక

కింద రెండు మాటలు నావి. అక్క చెప్పినవి కావు. పెద్దులన్నా, మీ మీద నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎక్కడ ఏది పోయినా ముందు నా ముఖమే చూశారు. అలవాటైన కోపమే. దానిని చూస్తూ కూర్చున్నాను. మీ గోడ గురించి చదివినప్పటి నుంచి నేనూ సాయంత్రం కొట్టం గోడకు ఆనుకొని కూర్చుంటున్నాను. మీరు చూసింది మీరు చెప్పండి. అంతకన్నా అడగను.
మబ్రూక్


కొడకండ్ల,
1950 మే 31

చిలుకకు, చదివే మబ్రూకుకు,

ఉత్తరం అందిన రోజు నేను దుప్పటి ముసుగేసుకొని పడుకున్నాను. మీ వదినె జ్వరమనుకొని మిరియాల కషాయం కాచింది. తాగాను.

సిగ్గు వేసింది. సిగ్గు వేస్తే నేను చేసేది ఒకటే, ముఖం దాచుకోవడం. దాచుకోవడానికి వెనకగోడ దగ్గరికి పోయాను. అవ్వ చోటులో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆమె చోటులో నేను కూర్చోలేదు, పక్కనే కూర్చునేవాడిని. ఆమె మాట గుర్తుకు వచ్చింది. "కోపమొస్తె కూసో. భయమైతె కూసో. ఊపిరిని చూసుకుంట ఉండు. ఎవనికి కోపమొచ్చిందో వాన్ని ఎతుకు బిడ్డా, దొరుకుతడేమో చూడు." ఊళ్ళోకి వచ్చిన, అచల తత్వం బోధించే గురువు ఒకరు ఆమెకు చెప్పిన మాటలు. మనకు అప్పుడు అర్థం కాలేదు. నాకు ఇప్పుడూ పూర్తిగా కాలేదు.

రోజూ కూర్చున్నాను. మొదట మంట వచ్చింది. చెవుల్లో చిటపటలు, తాటాకు కాలే వాసన. లేచి పోదామనిపించింది. లేవలేదు. తర్వాత గుర్రం వచ్చింది. బూడిద రంగు గుర్రం, నుదుట తెల్ల మచ్చ. తర్వాత చెయ్యి. చేతిలో కొరివి. ముఖం కోసం చూశాను. ముఖం ఉండాల్సిన చోట పొగ ఉంది. మళ్ళీ మళ్ళీ చూశాను. గుర్రం మచ్చ కూడా కనబడుతుంది కానీ మనిషి ముఖం లేదు. పొగే.

మీ వదినెను అడిగాను. "ఆనాడు నేను నీ దిక్కు వస్తుంటే నన్ను చూసి ఎందుకు ఉరికినవు?" అన్నాను.

"ఉరకనా? మసి పట్టి నల్లగ దయ్యం తీర్గ ఉంటివి. నువ్వని ఎట్ల తెలుస్తది? నువ్వు గూడ నన్ను గుర్తు పట్టలేదు. ఆనాడు అందరం నల్లగనే ఉంటిమి" అంది. అని నవ్వింది. ఆ రోజు గురించి ఆమె నవ్వడం అదే మొదలు.

మరి నల్లవాడు ఎక్కడి నుంచి వచ్చాడు? అదీ వెతికాను. వాడ కాలిన తర్వాత సంతలో ఎవరో అన్నారు, నిజాం దగ్గర నల్లవాళ్ళ గుర్రపు దండు ఉంటదని. అంతవరకు నేను సిద్దిని చూసి ఎరుగను. పొగలో ఖాళీగా ఉన్నచోట ఆ మాట తెచ్చి పెట్టుకున్నాను. పెట్టుకొని, కళ్ళారా చూశానని రాశాను.

కాగితం చాలదని పటేలు అన్నాడు కదా. వస్తున్నాను. జనగామలో రైలెక్కుతాను. వరంగల్‌లో దిగి బస్సు అడుగుతాను. అడగడమే నాకు కష్టం. చావడిలో మాట్లాడటం ఇంకా కష్టం. నోరు పెగలకపోతే ఎట్లా అని భయంగా ఉంది. మిరుగం లోపల చేరుతాను.

పెద్దులు


కాటారం,
1950 జూన్ 24

అన్నా,

ఇల్లు చేరినవని వదినె రాయించిన కార్డు ముట్టింది. రైల్ల చెప్పులు మరిచినవట గద. నీకు నువ్వే సాటి.

ఇక్కడ వానలు పడ్డయ్. ఊరు ఇంక నీ ముచ్చటే మాట్లాడుతున్నది. చావడి నడుమ పోయి నువ్వు నేల మీద కూసుంటివి. కండ్లు మూస్తివి. నాకు పానం పోయింది. ఎంతకూ తెరవకపోతివి. "ముసలాయన నిద్రపోయిండా ఏంది?" అని ఎల్లక్క. "సాక్ష్యం చెప్పమంటె జపం చేస్తున్నడు" అని ఇంకొకడు. పటేలు మీసాలు నలుపుకుంట కూసున్నడు. అప్పుడు మబ్రూక్ వచ్చి నీ ఎదురుంగ కూసున్నడు.  నేను చూస్తున్న, ఇద్దరి ఎదలు ఒక్క తీర్గ లేస్తున్నయ్, దిగుతున్నయ్. ఎద్దు కాడ నిలబడ్డట్టే.

అప్పుడు కండ్లు తెరిచి, "నేను మొఖం చూడలే. పొగ చూసిన. నేను రాసింది తప్పు" అన్నవు. నీ గొంతు నాకే వినబడలే. పటేలు, "గట్టిగ చెప్పు" అన్నడు. నువ్వు మళ్ళ చెప్పినవు. ఈసారి బాయి కాడోళ్ళకు గూడ వినబడ్డది. నా పుట్టుకల నువ్వు అంత గట్టిగ మాట్లాడంగ వినలే.

"మరి కళ్ళార చూసిన అంటివి గద?"

"కండ్లు ఉన్నయ్ పటేలా. చూసింది కండ్లు కాదు."

పటేలు కార్డు చింపలే. మడిచి జేబుల పెట్టుకొని లేచి పోయిండు. మళ్ళ క్యాంపు మాట మాత్రం ఎత్తలే. నిన్న ఆయన ఎడ్లను నాడాలకు తోలిచ్చిండు. గని గడ్డివాము ముచ్చట కొందరు ఇంక అంటనే ఉన్నరు. ఎల్లక్క మనుమరాలు మబ్రూక్‌ను చూసి ఇంక తలుపు చాటుకు పోతది.

నువ్వు బస్సు దిగంగ ఆయనే నీ మూట అందుకున్నడు గద. అప్పుడు నీ మొఖం చూసిన. అడుగుదామనుకొని అడగలే.

చిలుక


కొడకండ్ల,
1950 జులై 9

చిలుకకు, మబ్రూకు తమ్మునికి,

దున్నకం అయింది. జొన్న వేశాము. ఎడ్లు బాగున్నాయి. నాడా ఊడింది ఒకదానికి. ఇక్కడివాళ్ళు తాళ్ళతో పడగొడతామన్నారు. వద్దన్నాను. మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎద్దు నా కాలు తొక్కింది. నాకు ఇంకా రాలేదు.

చెల్లె అడగలేక ఊరుకున్నది చెబుతాను. బస్సు దిగి నిన్ను చూశాను, తమ్ముడా. అన్నీ తెలిసి వచ్చినవాడినే. అయినా మంట, గుర్రం, అన్నీ లేచాయి. నువ్వు మూటకు చెయ్యి చాపితే వెనక్కి ఒక అడుగు వేశాను. నువ్వు చూశావు. చూసి, చాపిన చెయ్యి అట్లాగే ఉంచి నిలబడ్డావు. ఊపిరి తీసి వదిలిన తర్వాతే నీ ముఖం కనబడింది. ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంది. గుర్రం తన్నిందని తర్వాత చెప్పావు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గీతతో సహా కనబడుతుంది. పొగ కూడా వస్తూనే ఉంటుంది. పోలేదు. కూర్చుంటున్నాను.

మీ నానమ్మ పాట నువ్వు పాడింది నాకు సగం వచ్చింది. గోడ దగ్గర పాడుతుంటే రాములమ్మ, "గదేం భాష?" అంది. "అడగకు, ఎవరికీ తెలియదు" అన్నాను. "అట్లయితే తప్పు పాడినా తప్పు లేదు" అంది.

జొన్న కోతల తర్వాత నెల్లికుదురు పోదామనుకుంటున్నాను. అవ్వను ఏ ఊరి నుంచి, ఏ ఇంటి నుంచి దొర తీసుకున్నాడో అడుగుతాను. ముసలివాళ్ళు ఎవరైనా ఉండకపోరు. ఇన్నేళ్ళూ సిగ్గుపడి అడగలేదు. ఒక్కడినే అయితే ఇప్పుడూ అడగలేను. తమ్ముడా, నువ్వు తోడు రావాలి. నీ తాతల ఊరు వెతకడానికి సముద్రం దాటాలి, అది మన చేతిలో లేదు. మా అవ్వ ఊరు అంత దూరం కాదు. దొరికితే చిలుకను కూడా పిలిచి అక్కడ ముగ్గురం కాసేపు కూర్చుందాం. ఆమె పొద్దుపొడుపు దిక్కు చూసేది, మీ నానమ్మ పొద్దుగూకే దిక్కు చూసేది. నడుమ ఎక్కడో మనం ఉన్నాము.

చిలుకా, ఈ ఉత్తరం చదువుతూ మబ్రూకు ఎక్కడైనా ఆగితే, తర్వాత ఏముందని తొందర పెట్టకు. ఊపిరి తీసుకోనీ.

మీ అన్న
పెద్దులు